బొమ్మ కన్నా ముందు పుట్టే బాణీ: జో హిసాయిషి సినిమా సంగీతం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది సంగీతం వైపు నుంచి, సగం మంది ఎడిటింగ్ వైపు నుంచి వచ్చినవాళ్లని నిర్వాహకులు చెప్పారు. అందుకే జపాన్ సినిమా సంగీత దర్శకుడు హిసాయిషి అవార్డుల జాబితా చదవను, పని ఎలా చేస్తాడన్నది మాట్లాడుకుందాం.

మన దగ్గర సినిమా సంగీతం రెండు విడతల్లో పుడుతుంది. షూటింగ్‌కి ముందు సిట్టింగుల్లో పాటల ట్యూన్లు కుదురుతాయి. షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అన్నీ అయ్యాక, రిలీజు తరుముకొస్తుంటే ఆర్.ఆర్., అంటే రీరికార్డింగ్, నేపథ్య సంగీతం, కూర్చుంటుంది. ఈ రెండు విడతలకీ మధ్య చుట్టరికం హీరో ఎంట్రీ బిట్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి తీసిన 11 సినిమాలకు హిసాయిషి సంగీతం ఇచ్చాడు. వాటిలో చాలావాటికి ఆయనా రెండుసార్లు రాశాడు. అయితే మొదటి విడతలో ఆయన రాసేది ఇంకా గీయని సినిమాకి సంగీతం. దాన్ని ఇమేజ్ ఆల్బమ్ అంటారు. ఈ రోజు మాటంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. అసలు పేరు మమోరు ఫుజిసావా. 1950 డిసెంబర్ 6న నాగనో ప్రాంతంలోని నకానో ఊళ్లో పుట్టాడు. నాలుగేళ్లకే వయొలిన్ పట్టాడు. కునిటాచి సంగీత కళాశాలలో కంపోజిషన్ చదివాడు. అప్పట్లో ఆయన్ని పట్టుకున్నది సినిమా కాదు, మినిమల్ సంగీతం. టెర్రీ రైలీ, స్టీవ్ రైక్, ఫిలిప్ గ్లాస్ దారి అది: నాలుగైదు స్వరాల చిన్న అల్లిక తీసుకుని, దాన్నే తిప్పుతూ, ఒక్కో చుట్టుకి ఒక్కో గింజ మారుస్తూ పోవడం. 1974లో ఒక టీవీ యానిమేకి (జపాన్ యానిమేషన్‌కి) అసలు పేరుతోనే సంగీతం చేశాడు. తర్వాత క్విన్సీ జోన్స్ పేరుని జపాన్ అక్షరాల్లో ఒదిగేలా మలుచుకుని హిసాయిషి జో అయ్యాడు. 1981లో 'మ్క్వాజు' అని ఒక మినిమల్ ఆల్బమ్ తెచ్చాడు. దాన్ని కొన్నవాళ్లు కొద్దిమందే. సినిమావాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

1983లో మియజాకి సినిమా 'నౌషికా' తయారవుతోంది. దానికి ఒక ఇమేజ్ ఆల్బమ్ వేద్దామనుకుని తొకుమా రికార్డు కంపెనీ ఈ ముప్ఫై రెండేళ్ల కుర్రాడికి అప్పగించింది. సినిమా సంగీతం ఇంకెవరైనా పేరున్నవాళ్ల చేత చేయించాలన్నది ఆలోచన. హరువోమి హొసోనో కట్టిన థీమ్ సాంగ్ కూడా బయటికొచ్చింది, అది సినిమాలో మాత్రం లేదు. ఆ సినిమాకి నిర్మాత ఇసావో తకహాతా. ఆయనకి సంగీతంలో చెవి చాలా పదును. ఇమేజ్ ఆల్బమ్ విని, సినిమా కూడా ఈయన చేతే చేయిద్దామని పట్టుబట్టాడు. ఆల్బమ్ 1983 నవంబర్‌లో వచ్చింది, సినిమా 1984 మార్చి 11న విడుదలైంది. నాలుగు నెలలు కూడా లేదు. ఆల్బమ్ చేతిలో లేకపోయి ఉంటే ఆ గడువులో అలాంటి సంగీతం వచ్చేది కాదు. అందులో లలలా అని పాడే పసి గొంతు ఆయన కూతురు మాయిది, అప్పటికి నాలుగేళ్ల పిల్ల.

ఇక ఇమేజ్ ఆల్బమ్ ఎందుకు అవసరమో చూద్దాం. మామూలు సినిమాలో సంగీత దర్శకుడికి రఫ్ కట్, అంటే తొలి కూర్పు, దొరుకుతుంది, నటుడి ముఖం కనిపిస్తుంది. యానిమేలో అలా కాదు. స్టోరీబోర్డులో సెకన్ల లెక్క రాసి ఉంటుంది కానీ కదలిక ఉండదు. చాలా రీళ్లు పెన్సిల్ గీతల్లోనే ఉంటాయి. మియజాకి దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన స్టోరీబోర్డు పూర్తికాకముందే యానిమేటర్లు పని మొదలుపెడతారు. ముగింపు ఏమిటో ఆయనకే ఖాయంగా తెలియని రోజులుంటాయి. అలాంటి చోట మొదటి సీనుకి థీమ్ ఏదని సంగీత దర్శకుణ్ని అడిగితే ఏం చెబుతాడు?

అందుకని దర్శకుడు కొన్ని మాటలు రాసిస్తాడు. పాత్ర పేరు, ఒక చోటు, ఒక గాలి, ఒక భయం, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు. సంగీత దర్శకుడు ఒక్కో మాటకి ఒక్కో పూర్తి ముక్క కడతాడు, సుమారు పది ముక్కలవుతాయి. సెకన్లు, కట్లు, డైలాగులు ఏవీ అడ్డం రావు. మియజాకి సినిమా 'మొనొనొకె హిమె' థీమ్ సాంగ్ ఇలాగే పుట్టింది. ఇమేజ్ ఆల్బమ్ కోసం మియజాకి పంపిన మాటల్ని హిసాయిషి పాటగా కట్టాడు. తర్వాత కౌంటర్‌టెనర్ (ఆడగొంతు స్థాయిలో పాడే మగ గాయకుడు) యోషికజు మెరా గొంతులో అది సినిమాకే గుర్తుగా నిలిచింది. ఆ ఆల్బమ్ 1996లో వస్తే సినిమా 1997 జులైలో వచ్చింది. అంటే గీస్తున్నవాళ్లు దాదాపు ఏడాది పాటు ఆ సంగీతం వినే అవకాశం ఉంది. దర్శకుడికీ లాభమే. నచ్చనిది ఏదో ముందే తెలుస్తుంది, ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టాక తెలియడం కన్నా అది ఎంతో చవక.

రెండో విడతలో ఈ పది ముక్కల్నీ విప్పుతారు. ఏ సీనుకి ఏ ముక్క, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపు అని దర్శకుడు, సంగీత దర్శకుడు, సౌండ్ మనిషి కూర్చుని పట్టిక వేస్తారు. ఎమ్-1, ఎమ్-2 అని నంబర్లు పడతాయి. అప్పటి నుంచి కళ కన్నా లెక్క ఎక్కువ. ఆ లెక్క ఒకసారి చేసి చూద్దాం.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 1440. టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో, 1440ని భాగిస్తే ఒక బీటుకి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 120 టెంపోకి 12, 96కి 15, 90కి 16, 80కి 18, 72కి 20. కంప్యూటర్లు రాకముందు ఇలా నిండుగా వచ్చే టెంపోలే చేతికి హాయిగా ఉండేవి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ 98.46 అన్నా ఒప్పుకుంటుంది. మనకి ఒక నిమిషం 32.5 సెకన్ల సీను ఉందనుకోండి. 96 టెంపోలో 148 బీట్లు, అంటే నాలుగు బీట్ల చొప్పున సరిగ్గా 37 బార్లు. సీనులో 40వ సెకను దగ్గర ఒక తలుపు తెరుచుకుంటుంది. 40 సెకన్లకి 64 బీట్లు, కాబట్టి తలుపు 17వ బారు తొలి దెబ్బ మీద పడుతుంది. బంగారం.

ఇంతలో ఎడిటర్ ఫోన్ చేసి, తలుపుకి ముందు ఒక్క సెకను తీసేశానంటాడు. ఒక్క సెకనే కదా అంటాడు. 24 ఫ్రేములు, 1.6 బీట్లు. ఏం చేయాలి? ఒక దారి, రెండు బీట్లు ఎగరగొట్టడం. అప్పుడు 62 బీట్లు 38.75 సెకన్లకే అయిపోతాయి, దెబ్బ తలుపు కన్నా 6 ఫ్రేములు ముందు పడుతుంది. సంగీతం ముందే మొరిగిందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. రెండో దారి, టెంపోని 96 నుంచి 98.46కి జరపడం. 64 బీట్లు సరిగ్గా 39 సెకన్లలో సర్దుకుంటాయి, ఆ తేడా చెవికి అందదు. అదే ఎడిటర్ నాలుగు సెకన్లు కోస్తే టెంపో 106 దాటుతుంది, అది మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. అప్పుడు బారు తీయక తప్పదు. ఏ బారు తీస్తే గాయం కనపడదన్నదే అసలు ప్రశ్న.

హిసాయిషి చదువు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఆయన సంగీతం నిండా చిన్న అల్లికలు అడుగున తిరుగుతూ ఉంటాయి: స్ట్రింగ్స్ పిజ్జికాటో (తీగని వేలితో మీటడం) కావచ్చు, పియానో ఎడమ చెయ్యి కావచ్చు, చెక్క పలకల మరింబా కావచ్చు. ఎనిమిదిసార్లు తిరగాల్సిన అల్లిక ఏడుసార్లు తిరిగితే ఎవరికీ వెలితి అనిపించదు. పొడుగాటి పల్లవిలో ఒక బారు తీసి చూడండి, పాటకి కాలు విరిగినట్టే ఉంటుంది. అందుకని ఆయన బాణీ నడిచే చోట తలుపులు, తుపాకులు లేకుండా చూసుకుంటాడు, లెక్క కుదరాల్సిన చోట అల్లికని పెడతాడు. విమర్శకులు దీన్ని సౌందర్య దృష్టి అంటారు. అది నిజమే కావచ్చు, నా ఉద్దేశంలో సగం ఇది కొలతలకి లొంగే గుడ్డ.

ఇప్పుడు ఒక బాణీ దగ్గరగా చూద్దాం. 1986 నాటి మియజాకి సినిమా 'లపూటా'లోని పాట, దానికి మాటలు కూడా మియజాకివే. మన స్వరాల్లో మొదటి ముక్క ఇది. (పియానో మీద వాయించి చూపారు.) స రి గ రి గ ప రి. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం. షడ్జం నుంచి పంచమం దాకా ఎక్కి, పంచమం మీద నిలవకుండా ఒక్క దూకుడులో రిషభానికి పడుతుంది. వాక్యం పూర్తవలేదని చెవికి అనిపిస్తుంది, ఎందుకంటే రిషభం నిలిచే చోటు కాదు. రెండో ముక్క మంద్ర పంచమం నుంచి లేచి మంద్ర నిషాదం మీద ఆగుతుంది, అదీ నిలిచే చోటు కాదు. ఇక్కడిదాకా నటభైరవి రాగం. మూడో ముక్కలో శుద్ధ ధైవతం తగులుతుంది, నాలుగో ముక్కలో అదే ధైవతం చతుశ్రుతి అవుతుంది. అన్యస్వరం, అంటే ఆ రాగంలో లేనిది. కర్నాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇక్కడే ఉలిక్కిపడతారు. ఆ ఒక్క స్వరం కింద కార్డు (కలిపి వాయించే స్వరాల గుత్తి) మారుతుంది, పాట ఉన్నట్టుండి పైకప్పు తీసినట్టు తెరుచుకుంటుంది. ఈ పాటని తిరిగి వాయించేవాళ్లు చాలామంది రాగం చెడుతుందని దాన్ని శుద్ధ ధైవతంగానే వాయించేస్తారు. అలా చేస్తే పాటలో ప్రాణం పోతుంది. దాన్ని ఉన్నదున్నట్టు వాయించండి.

ఆ సినిమాకి సంబంధించినదే మరో విషయం. జపాన్‌లో విడుదలైన 'లపూటా' నిడివి 2 గంటల 4 నిమిషాలు. అందులో సంగీతం సుమారు ఒక గంట. ఏడెనిమిది నిమిషాలు వరసగా సంగీతమే లేని చోట్లున్నాయి. తర్వాత డిస్నీ అమెరికా వెర్షన్ సిద్ధం చేస్తూ, మూడు నిమిషాలకు మించి సంగీతం లేకపోతే అక్కడి ప్రేక్షకులు ఇబ్బంది పడతారని చెప్పింది. హిసాయిషి మళ్లీ కూర్చుని, ఆర్కెస్ట్రాతో, సంగీతాన్ని సుమారు 90 నిమిషాలకు పెంచాడు. రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి చూడటం ఆర్.ఆర్. నేర్చుకునేవాళ్లకి మంచి పాఠం. ఒకే సినిమా, ఒకే సంగీత దర్శకుడు, రెండు రకాల కొలత. నాకు పాతదే ఎక్కువ. కొత్తదానిలో వాద్యాల నిగారింపు ఉంది, కానీ కథలోని పిల్లలిద్దరూ ఊపిరి బిగపట్టే చోట్ల ఆర్కెస్ట్రా వాళ్ల బదులు ఊపిరి పీల్చేస్తుంది.

మనవాళ్ల ఆర్.ఆర్. సంగతి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మూడు నిమిషాల మాట అమెరికాకే పరిమితమని అనుకోకండి.

ఖాళీ వదలడం అంటే సంగీతం ఆపేయడం ఒక్కటే కాదు. 2001 నాటి 'స్పిరిటెడ్ అవే'లో నీళ్ల మీద రైలు పోయే సీను చూడండి. అక్కడ పియానో ఒక్కో స్వరమే వేస్తుంది, మధ్యలో ఖాళీలు, వెనక స్ట్రింగ్స్ పలచగా. సీనులో డైలాగు దాదాపు లేదు. మామూలు సంగీత దర్శకుడికి అది మెలొడీ పరిచే మైదానం. ఆయన పరచలేదు. ఆ సినిమా సంగీతాన్ని న్యూ జపాన్ ఫిల్‌హార్మనిక్ ఆర్కెస్ట్రాతో, స్టూడియోలో కాకుండా సుమిదా ట్రిఫొనీ హాల్‌లో రికార్డు చేశారు. దీని లాభనష్టాలు తెలుసుకోండి. హాల్లో గాలి ఉంటుంది, స్ట్రింగ్స్ కలిసిపోతాయి, ఆ నిండుదనం ఏ రివర్బ్ ప్లగిన్‌కీ రాదు. కానీ ప్రతి మైకులోనూ ప్రతి వాద్యమూ పడుతుంది. ఫైనల్ మిక్స్‌లో డైలాగు మీద ట్రంపెట్ ఎక్కింది, దాన్ని ఒక్కదాన్నే తగ్గిద్దామంటే కుదరదు. వయొలిన్ మైకుల్లోనూ ఆ ట్రంపెట్ ఉంటుంది మరి. అంటే డైలాగుకి చోటు కాగితం మీదే వదలాలి. గొంతు నడిచే మధ్య స్థాయిలో వాద్యాలు గుమిగూడకుండా, కింద బాసులూ పైన వయొలిన్లూ ఉంచి నడుమ ఖాళీ చేయాలి. మనం విడివిడిగా ట్రాకులు తీసి, తర్వాత మిక్స్ ఇంజినీరు చూసుకుంటాడులే అనుకుంటాం. ఆ వెసులుబాటు హాల్లో లేదు.

ఇక మియజాకి 'హౌల్స్ మూవింగ్ క్యాసిల్'. 2004 నవంబర్‌లో వచ్చింది. కథలో సోఫీ అనే 18 ఏళ్ల అమ్మాయి శాపం తగిలి 90 ఏళ్ల ముసలమ్మ అవుతుంది. సినిమా పొడుగునా వయసు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ముఖం మారిపోతుంటే ఆమె ఆమేనని ప్రేక్షకుడికి ఎలా తెలియాలి? మియజాకి అడిగింది ఇదే: ఒకే థీమ్ సినిమా అంతా నడవాలి. అడగడం తేలిక. రెండు గంటలు ఒకే బాణీ అంటే విసుగు పుట్టకుండా ఉండాలి, ఎన్ని వేషాలు వేసినా పోల్చుకోగలగాలి.

హిసాయిషి ఇచ్చింది ఒక వాల్ట్జ్. మూడు బీట్ల నడక, మనకి తిశ్రగతి. మొదటి నాలుగు స్వరాలు: మంద్ర పంచమం, షడ్జం, సాధారణ గాంధారం, పంచమం. జి మైనరు కార్డుని విప్పి పరిచినట్టే. ఇంత మామూలు నిచ్చెనా అనిపిస్తుంది. ఆ మామూలుతనమే దాని బలం. కార్డు స్వరాలే కాబట్టి నెమ్మదిగా వేసినా చెదరదు. పియానో ఒక్కదానిమీద మొదలుపెడితే జ్ఞాపకంలా ఉంటుంది, ఆర్కెస్ట్రా అంతా ఎక్కిస్తే ఊరేగింపులా ఉంటుంది. సినిమాలో సగానికి పైగా సంగీతం ముక్కలు దీని రూపాలే. థీమ్ కట్టేటప్పుడు మీరూ ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. సగం వేగంలో, రెట్టింపు వేగంలో, ఒక్క వేలితో, కార్డులు లేకుండా వాయించి చూడండి. ఏ ఒక్కదానిలోనైనా పోల్చుకోలేకపోతే, గమకమో, కార్డో, సౌండో దాన్ని మోస్తోందన్నమాట. అలాంటి థీమ్ ఒక సీను దాటి బతకదు.

మియజాకి బయట ఆయన చేసినవి క్లుప్తంగా చెబుతాను. జపాన్ దర్శకుడు తకేషి కితానో సినిమాలకి 1991 నుంచి 2002 వరకు సంగీతం ఇచ్చాడు. 1999 నాటి 'కికుజిరో'లోని 'సమ్మర్' మీలో చాలామంది పేరు తెలియకుండానే విని ఉంటారు, పిజ్జికాటో మీద పియానో. ఆస్కార్ తెచ్చుకున్న జపాన్ సినిమా 'డిపార్చర్స్' సంగీతం ఆయనదే, కథలో హీరో సెల్లో వాద్యగాడు కాబట్టి సంగీతానికీ సెల్లోయే వెన్నెముక. 2008 ఆగస్టులో టోక్యో బుడోకాన్‌లో సుమారు 200 మంది ఆర్కెస్ట్రా, 800 మంది కోరస్‌తో మియజాకి సినిమాల కచేరీ చేశాడు. 2023లో డాయిచ గ్రామఫోన్ అనే రికార్డు కంపెనీ ద్వారా ఆ సంగీతమే రాయల్ ఫిల్‌హార్మనిక్ ఆర్కెస్ట్రాతో మళ్లీ వచ్చింది. ఇప్పుడు కండక్టర్‌గానూ తీరిక లేనివాడు.

ఆగి చెప్పాల్సింది 2013 గురించి. ఆ ఒక్క ఏడాది రెండు సినిమాలు. జులైలో మియజాకి 'ద విండ్ రైజెస్'. దాని శబ్దం మొత్తం మోనో, విమానాల ఇంజన్ చప్పుళ్లు కూడా చాలావరకు మనుషుల నోటితో చేసినవి. మోనోలో ఎడమా కుడీ ఉండవు, వాద్యాలన్నీ ఒకే ఇరుకు గుమ్మంలోంచి రావాలి. పెద్ద ఆర్కెస్ట్రా రాస్తే ముద్దయిపోతుంది. అందుకే బలలైకా (రష్యా తీగ వాద్యం), అకార్డియన్ లాంటి వేరుగా వినబడే గొంతులున్న వాద్యాలు అక్కడ కలిసొచ్చాయి. నవంబర్‌లో తకహాతా 'ప్రిన్సెస్ కగుయా'. 'నౌషికా'కి తనని ఎంచుకున్న నిర్మాతకి దర్శకుడిగా ఇదే మొదటి, చివరి సినిమా చేయడం. తకహాతా షరతులు కఠినం: పాత్ర బాధని వాయించొద్దు, సీను పరిస్థితిని వాయించొద్దు, ప్రేక్షకుణ్ని రెచ్చగొట్టొద్దు. మరి మిగిలింది ఏమిటని ఎవరైనా అడుగుతారు. చివర చంద్రలోకం వాళ్లు అమ్మాయిని తీసుకెళ్లడానికి వచ్చే ఊరేగింపు చూడండి. మనం ఏడుస్తుంటాం, వాళ్ల మేళం హుషారుగా పండగలా మోగుతూ వస్తుంది. వాళ్లకి దుఃఖమంటే తెలియదు కాబట్టి వాళ్ల సంగీతానికీ తెలియదు. ఏడుపు సంగీతం పెట్టి ఉంటే ఆ సీను అంత కోసేది కాదు.

2023 నాటి 'ద బాయ్ అండ్ ద హెరాన్'కి పద్ధతి తలకిందులైంది. ఇమేజ్ ఆల్బమ్ లేదు. దాదాపు పూర్తయిన బొమ్మ చూపించి మియజాకి మిగతాది ఆయనకే వదిలేశాడు. ఏటా జనవరిలో మియజాకి పుట్టినరోజుకి ఒక చిన్న ముక్క రాసి ఇవ్వడం హిసాయిషికి అలవాటు. అలా ఇచ్చినదే ఒకటి ఈ సినిమా ప్రధాన థీమ్ అయింది. కాబట్టి ఇక్కడా బాణీ బొమ్మకు విడిగానే పుట్టింది. మిగతా సంగీతం చాలా పలచన, కుర్రవాడైన ఫుజిసావా మొదలుపెట్టిన మినిమల్ దారికి చాలా దగ్గర.

ప్రశ్నలు తీసుకుందాం.

(టీవీ యానిమేలకి కూడా ఇదే పద్ధతా అని ఒకరు అడిగారు.)

కాదండి. టీవీ సీరియల్‌కి ప్రతి ఎపిసోడుకీ విడిగా రాసే టైము, డబ్బు ఉండవు. సంగీత దర్శకుడికి ముందే ఒక మెనూ ఇస్తారు: ఉద్రిక్తత ఒకటి, ఉద్రిక్తత రెండు, రోజువారీ జీవితం, వెటకారం, విలన్, విషాదం పియానో. నలభై యాభై ముక్కలు ఒక దఫాలో రికార్డు చేసి ఇచ్చేస్తాడు. ఎక్కడ ఏది వేయాలో సౌండ్ డైరెక్టర్ చూసుకుంటాడు. అక్కడ మంచి ముక్క అంటే ఎక్కడ కోసినా ముగిసినట్టు ఉండేది. తోక, అంటే ముగింపు బిట్, విడిగా ఇవ్వాలి, డ్రమ్స్ లేని మిక్స్ ఒకటి, మెలొడీ లేని మిక్స్ ఒకటి ఇవ్వాలి. ఇవ్వకపోతే మీ మెలొడీ డైలాగు కింద నలుగుతుంది, అడిగే నాథుడుండడు. హిసాయిషి కూడా మొదట్లో టీవీ పని చేసినవాడే, 1983 నాటి 'మొస్పియాడా' లాంటివి.

(ఇమేజ్ ఆల్బమ్, సినిమా సంగీతం పోల్చి వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మరొకరు అడిగారు.)

'నౌషికా' కాదు, 'హౌల్' తీసుకోండి. దాని ఇమేజ్ ఆల్బమ్ ప్రాగ్‌లో చెక్ ఫిల్‌హార్మనిక్‌తో చేసిన సింఫొనిక్ సూట్ (ఆర్కెస్ట్రా ముక్కల వరస), 2004 జనవరిలో వచ్చింది. అందులో ఒక వాల్ట్జ్ ఉంది కానీ మనం ఇందాక చెప్పుకున్న వాల్ట్జ్ అది కాదు. ప్రధాన థీమ్ ఆ తర్వాత పుట్టింది. అంటే ఇమేజ్ ఆల్బమ్ చేసినంత మాత్రాన థీమ్ దొరికి తీరుతుందన్న పూచీ లేదు. కానీ చివరి ముక్క 'కేవ్ ఆఫ్ మైండ్' వినండి, నెమ్మదిగా ట్రంపెట్ సోలో. ఆ తర్వాత సినిమాలో సోఫీ, మాంత్రికుడు హౌల్ చిన్ననాటి లోకంలోకి అడుగుపెట్టే చోటు పెట్టండి. అదే ట్రంపెట్, బొమ్మ కొలతకి సర్దుకుని ఉంటుంది. ఏ బార్లు పోయాయో, ఏవి సాగాయో స్టాప్‌వాచ్ పెట్టుకుని రాయండి. వచ్చే వారం ఆ కాగితాలు పట్టుకొస్తే అక్కడి నుంచి మొదలుపెడదాం.